పడుకోబెట్టిన బొమ్మ

ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్ళో నేను నర్సుగా చేస్తున్నాను. ఆ ఊరి చరిత్ర చూపించే మ్యూజియం ఒకటి రేవు ఒడ్డున ఉంది. దాని పేరు ఎం షెడ్. టికెట్టు లేదు. నేను మొదటిసారి అందులోకి పోయింది చరిత్ర మీద ప్రేమతో కాదు, టికెట్టు లేదని. రాత్రి డ్యూటీ దిగినాక నిద్ర పట్టని రోజులుంటాయి. ముగ్గురు మలయాళీ నర్సులతో కలిసుండే ఇల్లు. ఒకరు డ్యూటీకి పోతుంటే ఒకరు వస్తుంటారు, తలుపు చప్పుడు ఆగదు. బయటేమో చలి. మ్యూజియంలో వెచ్చగా ఉంటది. కూచోటానికి బల్లలుంటాయి. ఎంతసేపు కూచున్నా ఎవరూ లెమ్మనరు.

ఆ చివరి మాట ఊరికే రాయలేదు. మా ఊరి చావిడి అరుగు మీద వానకు నిలబడ్డ మా నాయనను కిందికి దిగమన్నారు. నేను ఆయన పంచె కొంగు పట్టుకుని ఉన్నాను. నాకు ఆరేళ్ళు. ఎక్కడన్నా కూచుంటే ఎవరన్నా వచ్చి లెమ్మంటారేమోనని ఒక చెవి అటేసి ఉంచటం నాకు నలభయ్యేళ్ళొచ్చినా పోలేదు.

మాది తెనాలి అవతల ఒక పల్లె. మా వైపు పల్లె అంటే ఊరు కాదు, మాలపల్లె. ఊరు వేరు, పల్లె వేరు, గూడెం వేరు. మా తాత గుంటమగ్గం మీద ముతక దుప్పట్లు నేసేవాడు. మాలల్లో నేత తెలిసిన ఇళ్ళు వెనకటికి చాలా ఉండేయి. సన్నబట్ట సాలెవాళ్ళది, ముతకబట్ట మాది. ఆసామి ఇంటికి దుప్పటి తీసుకుపోతే గడప బయట పెట్టి దూరం జరగాలి. లోపల్నుంచి ముసలమ్మ వచ్చి చెంబుతో దాని మీద నీళ్ళు చల్లి, అప్పుడు ఎత్తుకుపోయేది. ఆ రాత్రి నుంచి ఇంటిల్లిపాదీ ఆ దుప్పటే కప్పుకుని పడుకునేవాళ్ళు. నాలుగు చుక్కల నీళ్ళకు పోయే మైల ఎంత మైలో చెప్పండి.

మ్యూజియం అంటే నాకు తెలిసింది నాగార్జునకొండ. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు తీసుకుపోయారు. లాంచీ ఎక్కటమే మాకు పెద్ద పండగ. లోపల సున్నపురాతి బొమ్మలు, బుద్ధుడు, రాజులు, రాణులు. రాణి ఎవరికి ఎంత దానం చేసిందో రాతి మీద చెక్కించింది. ఇంటికొచ్చి తాతకు అంతా చెప్పాను. ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూచుని విన్నాడు. విని, "మనయ్యేమన్నా ఉన్నాయంటే?" అన్నాడు. లేవు తాతా అన్నాను. "రాయి మోసినోళ్ళ పేర్లన్నా రాశారా?" అన్నాడు. లేదన్నాను. ఆయన నాడె అందుకుని మళ్ళీ నేతలో పడ్డాడు.

ఎం షెడ్‌లో రాజులు కనపడలేదు. అసలది కోట కాదు, బంగళా కాదు. 1950లలో ఓడల సరుకు దించటానికి కట్టిన షెడ్డు. 2011లో దాన్ని మ్యూజియం చేశారు. వాకిట్లో 1951 నాటి క్రేన్లు నాలుగు కొంగల్లాగా నిలబడి ఉంటాయి. లోపల ఊరోళ్ళ సామాన్లు. పని చేసినోళ్ళ పనిముట్లు, బాంబులు పడ్డప్పటి సంగతులు, పాత దుకాణాల బోర్డులు. విల్స్ సిగరెట్ల కంపెనీ పుట్టింది ఈ ఊళ్ళోనే. నాకప్పటిదాకా తెలవదు. మా అమ్మమ్మ చీరాల వైపు మనిషి. పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్‌కు పోయి పోయి ఆమె చేతివేళ్ళు చచ్చిందాకా గోధుమరంగులోనే ఉన్నాయి. సిగరెట్టు పెట్టె ముందర కాసేపు నిలబడ్డాను. ఈ కంపెనీదే ఆ కంపెనీ అని కాదు. ఆకు ఎక్కడన్నా ఆకే, వేళ్ళు ఎక్కడన్నా వేళ్ళే.

ఒక పాత డబుల్ డెక్కర్ బస్సు కూడా ఉంది. బ్రిస్టల్ బస్సు కథ మనవాళ్ళకు పెద్దగా తెలవదు, అందుకని చెప్పాలి. 1963లో ఈ ఊరి బస్సు కంపెనీ నల్లవాళ్ళను, మన దేశం వాళ్ళను డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేది కాదు. అది దాపరికం కూడా కాదు, అందరికీ తెలిసిందే. గై బెయిలీ అనే జమైకా కుర్రాడికి ఇంటర్వ్యూ ఇచ్చి, అతను వెస్టిండియన్ అని తెలిసినాక రద్దు చేశారు. పాల్ స్టీఫెన్సన్, రాయ్ హ్యాకెట్ లాంటివాళ్ళు ముందుండి బస్సులు ఎక్కవద్దని జనాన్ని అడిగారు. ఏప్రిల్ చివర మొదలుపెడితే ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో మాట్లాడిన రోజు అదే. సెప్టెంబరులో రగ్బీర్ సింగ్ అనే సిక్కు మనిషి ఈ ఊరి బస్సుల్లో మొదటి కండక్టరయ్యాడు, తెల్లోడు కానివాళ్ళలో మొదటివాడు. తర్వాత 1965లో, 1968లో జాతి వివక్ష మీద వచ్చిన చట్టాలకు ఈ బస్సు కథ కూడా ఒక కారణమని చెప్తారు.

బాయ్‌కాట్ అనే మాట మాకు తెలవనిది కాదు. బళ్ళో ఇంగ్లీషు రాకముందే ఆ మాట వచ్చు. కాకపోతే మాకు తెలిసిన బాయ్‌కాట్ తలకిందుల బాయ్‌కాట్. చుండూరు మా పల్లెకు ఎక్కువ దూరం కాదు. 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ఒక ఆసామి కొడుక్కు తగిలింది. దానికి పల్లె మొత్తాన్ని పనుల్లోకి రానీకుండా చేశారు. సాంఘిక బహిష్కరణ అని పేపర్లో పెద్దమాట రాశారు, మా అమ్మ వాళ్ళు 'కూడు కట్టేయటం' అనేవాళ్ళు. ఇక్కడేమో లేనోళ్ళు ఉన్నోడి బస్సును వెలేశారు. నాకా బస్సు ముందర నిలబడి నవ్వొచ్చింది. నవ్వంటే సంతోషం కాదు.

ఇక అసలు చూడాల్సింది కోల్‌స్టన్ బొమ్మ. ఎడ్వర్డ్ కోల్‌స్టన్ ఈ ఊళ్ళో పుట్టాడు. 1680 నుంచి 1692 దాకా రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఉన్నాడు. ఆ పన్నెండేళ్ళలో ఆ కంపెనీ ఆఫ్రికా నుంచి దాదాపు 84,000 మందిని ఓడల్లో ఎక్కించింది. 19,000 మంది దాకా దారిలోనే చచ్చిపోయారు. కంపెనీ అక్షరాలు మనుషుల ఒంటి మీద కాల్చి ముద్ర వేసేవాళ్ళు, మనం గొడ్లకు వేసినట్టు. ఆ డబ్బులో కొంత తెచ్చి అతను ఊళ్ళో బళ్ళకు, ముసలోళ్ళ సత్రాలకు, చర్చీలకు ఇచ్చాడు. అంతే, దాత అయిపోయాడు. చచ్చిన 174 ఏళ్ళకు, 1895లో, ఊరి నడిబొడ్డున కంచు బొమ్మ పెట్టారు. కింద పలక మీద, ఊరి బిడ్డల్లో గొప్ప గుణవంతుల్లో, జ్ఞానుల్లో ఒకడని రాశారు. మనుషుల్ని అమ్మిన సంగతి ఒక్క ముక్క లేదు.

జనం అడుగుతానే ఉన్నారు, ఆ ముక్క కూడా రాయండని. 2018లో కొత్త పలక పెడదామనుకున్నారు. ఏ మాట ఉండాలి, ఏ మాట ఉండకూడదు అని పెద్దమనుషులు తగాదా పడి, మాటలు తీసేసి, మళ్ళీ పెట్టి, చివరికి అసలు పలకే పెట్టలేదు. చదువుకున్న పెద్దలందరూ కలిసి ఒక్క వాక్యం రాయలేకపోయారు. 2020 జూన్ 7న జనం తాళ్ళు తెచ్చి రాశారు. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మెడ మీద మోకాలుపెట్టి చంపిన రోజులవి. బొమ్మను లాగి పడేసి, ఎర్రరంగు, నీలంరంగు పూసి, దొర్లించుకుంటా పోయి రేవు నీళ్ళలో తోశారు. తోసిన చోటుకు దగ్గర్లోనే పెరో వంతెన ఉంది. పెరో అంటే నెవిస్ దీవిలో ఒక చెరుకు తోట యజమాని పన్నెండేళ్ళ వయసులో కొన్న పిల్లాడు. 1783లో బ్రిస్టల్ తీసుకొచ్చాడు. చచ్చిందాకా నౌకరే. ఆ వంతెనకు రెండు పెద్ద కొమ్ములుంటాయి. నౌకరు వంతెన పక్కనే యజమాని మునిగాడు. ఇది నేను కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

నాలుగు రోజులకు బొమ్మను నీళ్ళలోంచి తీశారు. కడిగారు గానీ రంగు తీయలేదు. మళ్ళీ నిలబెట్టలేదు. 2021లో ఈ మ్యూజియంలో వెల్లకిలా పడుకోబెట్టి జనానికి చూపించారు, 2024 నుంచి ఇక్కడే ఉంచేశారు. ఆ రోజు జనం వదిలిపోయిన అట్ట బోర్డులు కూడా దాచారు. నేను చూసింది ఆ రంగులతోనే. నిలబడ్డప్పుడు తల ఎత్తి చూడాల్సిన మనిషి మొహాన్ని ఇప్పుడు పైనుంచి వంగి చూడొచ్చు. వార్డులో పేషెంటును చూసినట్టు చూశాను. అట్టా చూడటం నా పని గనక.

అక్కణ్ణుంచే మా అమ్మకు వీడియో కాల్ చేశాను. మా అమ్మ చదువుకోలేదు. నాట్లు, కలుపులు, కోతలు, ఇదే ఆమె చదువు. ఇప్పుడు మోకాళ్ళు పోయి ఇంటిపట్టున ఉంటంది. ఫోను బొమ్మ వైపు తిప్పాను.

"ఎవురే ఆ ముసలాయన? జబ్బా?"

"జబ్బు కాదమ్మా, బొమ్మ. మనుషుల్ని అమ్మినోడు."

"అమ్మి?"

"ఆ డబ్బుతో బళ్ళు కట్టించాడు, సత్రాలు కట్టించాడు. అందుకని బొమ్మ పెట్టారు."

"మన ఆసాములు గుళ్ళు కట్టియ్యలా" అంది. కాసేపు చూసి, "పడేసినోళ్ళను ఏం చేశారే?" అంది. మిగతా ఏ సంగతీ ఆమెకు అక్కర్లేదు.

నలుగురి మీద కేసు పెట్టారనీ, 2022 జనవరిలో ఈ ఊరి కోర్టులోనే పన్నెండు మంది మామూలు జనం కూచుని వాళ్ళు నేరం చెయ్యలేదని తీర్పు ఇచ్చారనీ చెప్పాను. "వదిలేశారా?" అంది. వదిలేశారమ్మా అన్నాను. "నిజంగా వదిలేశారా?" అంది. మళ్ళీ చెప్పాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు. వెనకాల మా ఇంటి కోడి అరుస్తుంది.

మా అమ్మ ఎందుకు మూడుసార్లు అడిగిందో నాకు తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది మావాళ్ళను తరిమి తరిమి నరికారు. గోతాల్లో కుక్కి తుంగభద్ర మురుగుకాలవలో పడేశారు. పల్లె పల్లె తెనాలి వచ్చి తలదాచుకుంది. మా అమ్మ ఒక మూట బియ్యం తీసుకుని వాళ్ళ దగ్గరికి పోయొచ్చి వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదంట. చచ్చిపోయినోళ్ళను ఊరి బయట కాదు, చుండూరు నడుమనే పాతారు. దాన్ని రక్తక్షేత్రం అంటారు. పదహారేళ్ళకు, 2007లో, ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మా అమ్మకు కోర్టు అంటే ఈ వదిలేయటమే. బొమ్మను నీళ్ళలో పడేసినోళ్ళను వదిలేశారంటే ఆమెకు అర్థం కావటానికి టైము పట్టింది. ఆమె ఎరిగిన నీళ్ళలో పడేసింది బొమ్మల్ని కాదు.

"మళ్ళీ లెగదీసి నిలబెడతారేమో" అంది పెట్టేసే ముందర. నిలబెట్టరమ్మా అన్నాను. "నీకెట్టా తెలుసు?" అంది.

ఇంకో సంగతి చెప్పాలి. నాకు ఇక్కడ ఉగాది మీటింగులో ఒక తెలుగావిడ పరిచయమైంది. మా జిల్లా వైపే. భర్తకు కంప్యూటర్ ఉద్యోగం. పరాయి దేశంలో మన యాస చెవిన పడితే ప్రాణం లేచొస్తది గదా. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె కూడా నోరారా పలకరించేది, గోంగూర పచ్చడి పంపేది. అప్పుడు నేను ఇంటి కోసం వెతుకుతున్నాను. మా ఆయన, మా పాప గుంటూరులో ఉన్నారు. వాళ్ళ వీసాలు వచ్చినయ్యి. ఇల్లు కుదిరితే పిల్ల స్కూలుకు అప్లై చెయ్యాలి. ఆమె మరిదికి రెండు గదుల ఇల్లు ఒకటి ఖాళీ అయ్యింది. అద్దె మాట్లాడుకున్నాం. వచ్చే నెల ఒకటో తారీకు తాళాలిస్తానన్నారు. పాపకు ఫోన్లో కిటికీలు కూడా చూపించాను.

ఒక ఆదివారం ఆమె, "నువ్వెప్పుడూ చెప్తావు గదా, ఆ మ్యూజియం చూద్దాం పద" అంది. పోయినాం. దారిలో కాలేజ్ గ్రీన్ దగ్గర రాజా రామ్మోహన్ రాయ్ బొమ్మ ముందర ఫోటో దిగింది. ఆయన 1833లో ఈ ఊళ్ళోనే పోయాడు, ఆర్నోస్ వేల్ శ్మశానంలో సమాధి ఉంది. ఇక్కడికొచ్చిన మనవాళ్ళందరూ ఆ ఫోటో దిగుతారు. ఆయన వెంట నౌకర్లు కూడా ఓడెక్కి వచ్చారని చదివాను. వాళ్ళతో ఎవరూ ఫోటో దిగరు, బొమ్మలుంటే గదా.

కోల్‌స్టన్ బొమ్మ దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. ఓడలో మనుషుల్ని ఎట్టా పేర్చారో నేను చెప్తుంటే చెయ్యి గుండె మీద పెట్టుకుంది. "సాటి మనుషుల్ని అట్టా ఎట్టా చూడబుద్ధయ్యిందో. పీకి నీళ్ళలో పడేసి మంచిపని చేశారు" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్యి. ఆ నీళ్ళు దొంగనీళ్ళు కాదు. ఇది నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆమె నటించలేదు. అదే కష్టంగా ఉన్న సంగతి.

కింద టీ తాగుదామని కూచున్నాం.

"మీ పేరు బైబిలు పేరు గదా. మీరు కన్వర్టెడా?"

"మా ముత్తాతల నాటి నుంచీ అక్కా."

"మరి అంతకుముందు ఏమిట్లు?"

"అంతకుముందు మాలోళ్ళం. ఇప్పుడూ మాలోళ్ళమే."

"అయ్యో, నేనట్టాంటివి పట్టించుకోనమ్మా. ఊరికే అడిగా" అంది. పట్టించుకోనోళ్ళు అడిగేదెందుకో మరి. చెంచాతో టీ తిప్పుతానే ఉంది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. నాలుగో రోజు ఫోనులో మెసేజ్ పెట్టింది. ఆ ఇల్లు వాళ్ళ చుట్టాలు అడిగారంట, ఏమనుకోవద్దంట, చివర దణ్ణం పెట్టే బొమ్మ. గోంగూర పచ్చడి డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. తోమి పెట్టాను. ఆమె అడగలేదు.

ఈ దేశంలో దీనికి చట్టం ఉందా అని చూశాను. 2010 సమానత్వ చట్టంలో జాతి ఉంది, రంగు ఉంది, పుట్టుక ఉంది. కులం కూడా చేర్చాలని 2013లో పార్లమెంటు చెప్పింది. 2018 జులైలో ప్రభుత్వం, చేర్చక్కర్లేదు, కోర్టులు చూసుకుంటాయిలే అని చేతులు దులుపుకుంది. చేర్చవద్దని గట్టిగా పట్టుబట్టినోళ్ళలో మన దేశం నుంచి వచ్చినోళ్ళ సంఘాలే ఎక్కువ. మాకు కులం లేదు, చట్టంలో రాస్తే మా పిల్లలకు గుర్తొస్తదని వాళ్ళ వాదన. అంటే ఇక్కడా అదే తగాదా. పలక మీద ఏ మాట ఉండాలి, ఏ మాట ఉండకూడదు అని.

ఇల్లు ఎక్కడో ఒకచోట దొరకాలిగా, దొరికింది. ఈస్టన్ వైపు ఒక జమైకా పెద్దాయనది. ఆయన అడిగింది జీతం చీటీ ఒక్కటే.

ఆ రోజుల్లోనే నాకు బట్టల సంగతి తెలిసింది. లైబ్రరీలో బ్రిస్టల్ గురించి చదువుతా ఉంటే మా తీరం ఊళ్ళ పేర్లు కనపడినయ్యి. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు కంపెనీ ఓడ నిజాంపట్నం వచ్చింది. పెటపోలి అని రాసుకున్నారు. అక్కణ్ణుంచి మచిలీపట్నం పోయింది. నిజాంపట్నం అంటే మా పల్లె నుంచి బస్సులో పోయొచ్చే దూరం. ఆ తర్వాత మన కోరమాండల్ తీరంలో నేసిన నూలుబట్ట బేళ్ళు బేళ్ళు లండను చేరేది. రాయల్ ఆఫ్రికన్ కంపెనీ ఆ బట్ట కొని ఆఫ్రికా తీరానికి తీసుకుపోయి, బట్ట ఇచ్చి మనుషుల్ని తీసుకునేది. గినీ బట్ట అని దానికో పేరు కూడా ఉంది. 1698 నుంచి 1807 దాకా బ్రిస్టల్ ఓడలే రెండువేలకు పైగా తిరిగినయ్యి, దాదాపు అయిదు లక్షల మందిని మోసినయ్యి. 1834లో బానిసత్వం రద్దయితే ప్రభుత్వం రెండు కోట్ల పౌండ్లు ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు. ఆ తోటల్లో పని ఆగకూడదు గదా, మన దేశం నుంచి కూలీలను ఎక్కించుకుపోయారు. 1860లో మద్రాసు నుంచి నటాలుకు పోయిన ట్రూరో ఓడలో తెలుగోళ్ళున్నారు. ఆ ఓడ జాబితాల్లో మనిషి పేరు పక్కన కులం గడి ఉంది. సముద్రం దాటినా ఆ గడి దాటలేదు.

ఇదంతా చదివినాక ఒక రాత్రి డ్యూటీలో నాకు మా తాత నేసిన దుప్పటే గుర్తొచ్చింది. నీళ్ళు చల్లి తీసుకున్న బట్ట. నేసిన చెయ్యి ముట్టగూడదు, బట్ట మాత్రం కావాలి. ఆ బట్టకే ఇంకో ఖండంలో ఒక మనిషిని తూచి ఇచ్చారు. బేలు మీద కంపెనీ గుర్తు ఉంటది. ఏ ఊరి నేతగాడో, ఏ పల్లెవాడో ఎవరూ రాయలేదు. మా తాత నాగార్జునకొండ గురించి అడిగిన మాట ఇదే. రాయి మోసినోళ్ళ పేర్లన్నా రాశారా అని.

ఈ మాటకు జవాబు నాకు కోల్‌స్టన్ కోటులో దొరికింది. బొమ్మను రేవులోంచి తీసి బురద కడిగేటప్పుడు మ్యూజియం వాళ్ళకు రెండు వస్తువులు దొరికినయ్యంట. ఒకటి నీళ్ళలో తగులుకున్న సైకిల్ టైరు. రెండోది, కోటు తోకలో చుట్టి దోపిన ఒక పత్రిక. 1895 నాటిది. దాని లోపలి పేజీల మీద ఆ బొమ్మను నిలబెట్టిన పనివాళ్ళు తమ పేర్లు చేత్తో రాసుకుని, 1895 అక్టోబరు 26 అని తారీకు వేసుకున్నారు. పలక మీద వాళ్ళకు జాగా లేదు. చూశారా, ఎంత పని చేశారో. బయట దాత పేరు, లోపల కూలోళ్ళ పేర్లు. నూట పాతికేళ్ళు ఎవరికీ తెలవదు. బొమ్మను పడగొడితే గానీ బయటికి రాలేదు.

మా అమ్మకు ఫోను చేసి ఇది చెప్పాను. ఆశ్చర్యపోతదనుకున్నాను. ఆమె అసలు ఆశ్చర్యపోలేదు.

"మనం పెట్టలా" అంది.

"మనం ఏం పెట్టామే?"

"మన అంబేడ్కర్ బొమ్మ దిమ్మెలో. చుండూరు అయిన మరుసటేడు గదా మన పల్లెలో బొమ్మ నిలబెట్టింది. ఇటుకలు నేనే మోశా. మేస్త్రీ మన గూడెం ఆయన. పలక మీద ఎవరెవరో ఎమ్మెల్యేలు, పెద్దోళ్ళు అని రాశారు, మీ తాతకు కోపమొచ్చింది. దిమ్మె మూసే ముందర మోసినోళ్ళ పేర్లు, చందా ఇచ్చినోళ్ళ పేర్లు, మేస్త్రీ పేరు అన్నీ కాయితం మీద రాయించి, హార్లిక్స్ సీసాలో పెట్టి సిమెంటులో ఏశాడు."

ఎవరితో రాయించాడమ్మా అన్నాను. మా తాతకు అక్షరం రాదు. మా నాయనకు సంతకం వరకే వచ్చు.

"నీతోనే. అప్పటికి ఇంట్లో అక్షరం వచ్చింది నీకొక్కదానికే గదా. రెండో తరగతో ఏమో. ఒక్కో పేరు మీ తాత చెప్తా ఉంటే దీపం కాడ కూచుని రాశావు. ఇరవై ముప్పై పేర్లు. మజ్జలో నిద్రొస్తందన్నావు, బెల్లంముక్క పెట్టి కూచోబెట్టాడు."

నాకు బెల్లం గుర్తుంది. దీపం గుర్తుంది. ఏవో పేర్లు రాసినట్టు లీలగా గుర్తుంది. బళ్ళో పని అనుకున్నాను ఇన్నేళ్ళూ.

"చివర్న నీ పేరు కూడా రాసుకున్నావు" అంది మా అమ్మ. "ఎవురూ రాయమనలా. నువ్వే రాసుకున్నావు."